చీరలు కట్టుకుని నిలబడితే చాలన్నారు

(త్యాగరాజ ఆరాధన సందర్భంగా న్యూజెర్సీలో ఒక సంగీత ఉపాధ్యాయిని తెలుగు తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పొద్దున గోష్ఠిగానం అయింది, చిన్నపిల్లలు ఒక్కొక్కరే వచ్చి పాడారు. భోజనాలకు ఇంకా టైముంది కాబట్టి ఈ మధ్యలో ఓ అరగంట నన్ను మాట్లాడమన్నారు. త్యాగరాజ స్వామి గురించి చెప్తానని మీరు అనుకుని ఉంటారు. ఆయన దగ్గరికే వస్తాను, కాకపోతే కొంచెం చుట్టు తిరిగి వస్తాను. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఒపేరా పాడేవాళ్ల గురించి. ఒపేరా అంటే కథంతా పాటల్లోనే నడిచే యూరప్ సంగీత నాటకం. జపాన్, కొరియా, చైనా నుంచి వచ్చినవాళ్లు, ఇక్కడే అమెరికాలో మనలాంటి ఇళ్లలో పుట్టినవాళ్లు. యూరప్ వాళ్ల సంగీతాన్ని ఏళ్ల తరబడి సాధన చేసి, ఆ వేదిక మీద తమవాళ్లకు చోటు సంపాదించినవాళ్లు.

వాళ్ల గురించి నేను వెతుక్కుని చదవడం మొదలుపెట్టింది ఒక చేదు అనుభవం తర్వాత. 2010లో ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఊళ్లో ఆసియా సంస్కృతుల ఉత్సవం జరుపుతున్నారు, మీ పిల్లల్ని కూడా పంపండి అని నాకు ఫోన్ చేశారు. సంతోషపడ్డాను. తొమ్మిది మంది పిల్లలకు మోహన రాగంలో ఒక కీర్తన ఆరు వారాలు చెప్పాను. ఎనిమిది నిమిషాల పాట. సంగతులన్నీ, అంటే ఒకే వరసను రకరకాలుగా మార్చి పాడేవన్నీ, అందరికీ ఒకేలా పలికే దాకా శని, ఆదివారాలు వదలకుండా పాడించాను. ఇంకో రెండు రోజుల్లో కార్యక్రమం అనగా మళ్లీ ఫోన్. "టైము సరిపోవట్లేదండీ, పాట అక్కర్లేదు. ఎవరికీ అర్థం కూడా కాదు. పిల్లలు రంగురంగుల చీరలు, పరికిణీలు కట్టుకుని స్టేజి మీద నిలబడితే చాలు. వెనక మేమే ఒక సినిమా పాట వేస్తాం" అన్నారు. 

చెడ్డ మనసుతో అన్నమాట కాదది. వాళ్లకు నిజంగానే అది సాయం అనిపించింది. ఆ సాయంత్రం క్లాసు తర్వాత ఒక పాపను కారులో ఇంటి దగ్గర దింపుతూ సంగతి చెప్పాను. అప్పుడు దానికి పదేళ్లు. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "మనం పాడకపోతే అక్కడ మనం దేనికి ఆంటీ?" అంది. 

మేము వెళ్లలేదు. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది. వేదిక మీద మన మొహం కనిపించాలి అంటారు, నిజమే, కనిపించాలి. కనిపించి ఏం చేయాలి? ఈ ప్రశ్నను మనకన్నా ముందు, మనకన్నా గట్టిగా ఎదుర్కొన్నది ఆ ఒపేరా గాయకులే.

మొదట మియురా తమాకి అనే ఆవిడ గురించి చెప్పాలి. 1884లో టోక్యోలో పుట్టారు. ఆ రోజుల్లో సంగీత పాఠశాలకు సైకిల్ మీద వెళ్లేవారట, ఆడపిల్ల సైకిల్ తొక్కడమే ఊళ్లో పెద్ద వార్త. 1903లో జపాన్ వాళ్లు తమంతట తాము ఒక ఒపేరాను వేదిక మీదికి తెస్తే అందులో నాయిక పాత్ర ఈవిడే పాడారు. తర్వాత యూరప్ వెళ్లారు. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, లండన్‌లో ‘మదామా బటర్‌ఫ్లై’ పాడారు. అదే ఏడు అమెరికా వచ్చి బోస్టన్‌లో పాడారు.

ఆ ఒపేరా కథ చాలామందికి తెలిసే ఉంటుంది. నాగసాకి రేవులో దిగిన ఒక అమెరికన్ నౌకాదళ అధికారి పదిహేనేళ్ల జపాన్ పిల్లను పెళ్లాడతాడు. అతనికది కాలక్షేపం, ఆ పిల్లకి అదే జీవితం. అతను వెళ్లిపోతాడు. బిడ్డను పెట్టుకుని మూడేళ్లు ఎదురుచూస్తుంది. తిరిగొచ్చేటప్పుడు తన అమెరికన్ భార్యను వెంటబెట్టుకుని వస్తాడు. ఈ పిల్ల కొడుకుని వాళ్లకి అప్పగించి, తండ్రి కత్తితో ప్రాణం తీసుకుంటుంది. సంగీతం రాసిన పుచ్చీనీ ఇటలీ ఆయన, జపాన్ ఎప్పుడూ చూడలేదు. కొన్ని జపాన్ పాటల వరసలు సంపాదించి మధ్యమధ్యలో వాడుకున్నాడు. 1904లో మిలాన్‌లో మొదటిసారి వేసినప్పుడు ఆ జపాన్ పిల్లగా పాడింది ఒక ఇటలీ గాయని.

ఆ సంగీతం చాలా గొప్పది, నేను దాన్ని తక్కువ చేయను. రెండో అంకంలో ఆ పిల్ల సముద్రం వైపు చూస్తూ, ఓ రోజు దూరంగా పొగ కనిపిస్తుంది, ఓడ వస్తుంది అని పాడుతుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. కానీ ఆ పాటలో ఉన్న జపాన్ ఒక ఇటలీ ఆయన ఊహించుకున్న జపాన్. తమాకి గారు వచ్చి ఆ ఊహలోకి నిజం మనిషిగా అడుగుపెట్టారు. కిమోనో ఎలా కట్టాలో, ఎలా కూర్చోవాలో, ఎలా వంగి నమస్కరించాలో ఆవిడకి ఎవరూ నేర్పక్కర్లేదు. 1920లో పుచ్చీనీ స్వయంగా ఆవిణ్ని కలుసుకున్నాడు. మొత్తం రెండు వేల సార్లు ఆ పాత్ర పాడారని చెప్తారు. నాగసాకిలో ఓ తోటలో ఆవిడ విగ్రహం ఉంది, పక్కనే బిడ్డ.

రెండు వేల సార్లు అంటే గౌరవమే, కాదనను. ఇంకోవైపు ఆలోచించండి. అంత గొంతున్న మనిషిని ప్రపంచం రెండు వేల సార్లు ఒకే కథ చెప్పమంది. మోసపోయి చనిపోయే జపాన్ ఆడపిల్ల కథ. ఆవిడకి తలుపు తెరిచిందీ ఆ పాత్రే, వేరే గదుల్లోకి పోనివ్వకుండా తలుపు మూసిందీ ఆ పాత్రే.

ఇది వందేళ్ల కిందటి ముచ్చట అని వదిలేయలేం. నీనా యోషిదా నెల్సెన్ అని ఒక జపనీస్ అమెరికన్ గాయని ఉన్నారు, ఇప్పటి మనిషి. ‘మదామా బటర్‌ఫ్లై’లో నాయిక పక్కనుండే సుజుకి అనే పనిమనిషి పాత్రను వంద సార్లకు పైగా పాడారు. ఎక్కడ పాడినా తనకు వచ్చే పాత్రల్లో ఎక్కువ భాగం ఆసియా పాత్రలేనని లెక్క చూసుకుంటే గానీ ఆవిడకే తెలియలేదు. ఆవిడ గురించి మళ్లీ చెప్తాను.

ఇచ్చిన పాత్రలోంచే లోపలికి వెళ్లడం ఒక దారి. రెండో దారిలో వెళ్లినవాళ్లు కొరియా గాయకులు. నువ్వు నాకు ఏ పాత్ర ఇస్తావో ఆ పాత్ర కాదు, ఉన్న పాత్రలన్నీ పాడతాను అన్నవాళ్లు. హాంగ్ హే-క్యుంగ్ పదిహేనేళ్లకే న్యూయార్క్ జూలియార్డ్ స్కూలుకు చదువుకోవడానికి వచ్చారు. 1984లో అక్కడి మెట్రొపాలిటన్ ఒపేరాలో, దాన్నే మెట్ అంటారు, మొట్టమొదట పాడింది మొజార్ట్ రాసిన ఒక రోమన్ అమ్మాయి పాత్ర. ఆ తర్వాత ఏళ్ల తరబడి పారిస్ అమ్మాయిగా, స్పెయిన్ దొరసానిగా అక్కడే పాడారు. 2007లో ‘లా ట్రావియాటా’లో ఆవిడ నాయిక, కిమ్ వూ-క్యుంగ్ నాయకుడు. పారిస్‌లో జరిగే ప్రేమకథ, ఇద్దరూ కొరియా వాళ్లు. తెర లేచిన రెండు నిమిషాల తర్వాత ఎవరికీ అది గుర్తు కూడా ఉండదు. సుమి జో అయితే సియోల్ నుంచి రోమ్ వెళ్లి చదువుకుని, 1986లో ఇటలీలోనే ఇటలీ వాళ్ల ముందు వెర్డీ రాసిన నాయికగా అరంగేట్రం చేశారు. ఆర్కెస్ట్రాలు నడిపించే కరాయన్ లాంటి మహానుభావుడు పిలిచి పాడించుకున్నాడు. 2006లో ఆవిడ పారిస్‌లో కచేరీ ఒప్పుకుని ఉండగా సియోల్‌లో తండ్రి పోయారు. వెళ్లలేకపోయారు. ఆ కచేరీ తండ్రికే అంకితం చేసి పాడారు. దూరదేశంలో ఉండి ఇలాంటి ఫోన్ కాల్ అందుకున్నవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు, ఇంతకంటే చెప్పను.

ఇక్కడ ఒక్క విషయం మన పిల్లలు వినాలి. వీళ్లు భాష దగ్గర పడే కష్టం. కొరియా భాషలో ఇంగ్లీషు ‘ఎఫ్’ శబ్దం లేదు. జపాన్ వాళ్లకు ‘ర’కీ ‘ల’కీ తేడా లేదు. అలాంటి నోటితో ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచ్, రష్యన్ పాడాలి. అందుకని పాట పుస్తకంలో ప్రతి అక్షరం మీద ఉచ్చారణ గుర్తులు రాసుకుంటారు. ఉచ్చారణ దిద్దడానికే విడిగా ఒక గురువు ఉంటారు, ఒక అచ్చు కొంచెం వెడల్పయినా ఆపి మళ్లీ అనిపిస్తారు. ఆ తర్వాత ప్రతి మాట కిందా దాని అర్థం తమ భాషలో రాసుకుంటారు. మొత్తం వాక్యం అర్థం తెలిస్తే సరిపోదు. ఏ స్వరం మీద ఏ మాట పడుతోందో తెలియకపోతే ఏ మాట బరువుగా అనాలో తెలియదు కదా. ఇటాలియన్‌లో దాదాపు ప్రతి మాటా మన తెలుగులాగే అచ్చుతో ముగుస్తుంది, ఆ పిల్లలు అందుకే దాన్ని ముందు నేర్చుకుంటారు, నోరు తిరుగుతుంది. జర్మన్ దగ్గరికి వచ్చేసరికి మాట చివర మూడేసి హల్లులు, వాటిని మింగకుండా పలకాలి. ఇదంతా దాటాక గానీ పాట మొదలవదు.

మూడో దారి నాకు అన్నిటికన్నా ఇష్టం. అది త్యెన్ హావ్‌జ్యాంగ్ గారి దారి. 1954లో బీజింగ్‌లో పుట్టారు, ఒపేరా వాళ్లు బేస్ అంటారే, ఆ మంద్రస్థాయి గొంతు. ఈయన పెరుగుతున్న రోజుల్లో సాంస్కృతిక విప్లవం వచ్చింది. పాశ్చాత్య సంగీతం వినడమే నేరం. కుర్రవాడిగా ఆయన పనిచేసింది బీజింగ్‌లో ఒక బాయిలర్ల ఫ్యాక్టరీలో. అక్కణ్నుంచి సంగీత విద్యాలయానికి, అక్కణ్నుంచి 1983లో చదువుకోవడానికి అమెరికాకి. డెన్వర్ వెళ్లే దారిలో న్యూయార్క్‌లో దిగారు. జేబులో 35 డాలర్లు. ఆ రాత్రి మెట్రొపాలిటన్ ఒపేరాలో పావరొట్టి అనే పేరుమోసిన ఇటలీ గాయకుడు పాడుతున్నాడని తెలిసి, అందులో 8 డాలర్లు పెట్టి నిలబడి చూసే టికెట్టు కొన్నారు. మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు జేబులో డాలర్లు ఎలా లెక్కపెట్టుకున్నామో మనలో పెద్దవాళ్లకి గుర్తుంటుంది. ఒక్కో డాలరూ రూపాయల్లోకి మార్చుకుని చూసుకునేవాళ్లం. ఉన్న 35లో 8 ఇచ్చేసి, చివరి వరసల వెనక నిలబడి ఆ గొంతు విన్నారాయన. పదేళ్ల తర్వాత అదే వేదిక మీద అదే పావరొట్టితో కలిసి పాడారు.

ఇది కష్టపడి పైకొచ్చిన కథ, ఇంతవరకే అయితే నేను ఇంత సేపు చెప్పేదాన్ని కాదు. ఆయన మెట్‌లో చాలా ఏళ్లు పాడాక 2011లో ఒక పని మొదలుపెట్టారు. అమెరికా, యూరప్ నుంచి కుర్ర ఒపేరా గాయకుల్ని చైనా పిలిపించి, వాళ్లకి మాండరిన్‌లో పాడటం నేర్పించడం. బీజింగ్‌లో మొదలైంది, తర్వాత సుజోకి మారింది. నేను మీ ఇటాలియన్ నేర్చుకున్నాను, మీ జర్మన్ నేర్చుకున్నాను, ఇప్పుడు మీరు నా భాష నేర్చుకోండి అన్నమాట. మొదట ఆ పిల్లలు నోరు తిరగక ఎంత తంటాలు పడి ఉంటారో మీరు ఊహించుకోండి. ఆ పిల్లలు తమ ఊళ్లకు తిరిగి వెళ్లి కచేరీలో ఒక చైనా పాట పాడితే, ఆ హాల్లో ఒక్క చైనా మొహం లేకపోయినా సరే, ఆ రాత్రి చైనా అక్కడ ఉన్నట్టే. 

చీరలు కట్టుకుని నిలబడటానికీ దీనికీ ఎంత దూరం ఉందో చూడండి. 

ఇప్పుడు మనవైపు వస్తాను. 2011 నవంబర్‌లో, ఇందాక చెప్పానే కారులో ప్రశ్న అడిగిన పాప, దాన్నీ ఇంకో ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని మెట్‌లో ‘సత్యాగ్రహ’ అనే ఒపేరా చూడటానికి వెళ్లాను. ఫిలిప్ గ్లాస్ అనే అమెరికన్ సంగీతకర్త రాసింది, 1980లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్‌లో మొదటిసారి వేశారు. గాంధీ గారు దక్షిణాఫ్రికాలో ఉన్నప్పటి కథ. మొత్తం సంస్కృతంలో ఉంటుంది, మాటలన్నీ భగవద్గీతలోవి. మూడు అంకాలకూ ముగ్గురు సాక్షులు, టాల్‌స్టాయ్, ఠాగూర్, మార్టిన్ లూథర్ కింగ్.

తెర లేచింది. గాంధీ ఒక్కడే, సూటు వేసుకుని, మెల్లగా మొదలుపెట్టాడు, "యోత్స్యమానానవేక్షేఽహం" అని. మొదటి అధ్యాయంలోని మాటలు, యుద్ధానికి సిద్ధపడి వచ్చినవాళ్లను చూస్తాను అని. చిన్నప్పుడు మా తాతగారి దగ్గర కూర్చుని వల్లెవేసిన శ్లోకం, న్యూయార్క్‌లో, నాలుగు వేల మంది పట్టే హాల్లో, మైకు లేకుండా ఒక మనిషి గొంతులోంచి. పక్కన పిల్లలున్నారని కూడా చూడకుండా ఏడ్చేశాను. రిచర్డ్ క్రాఫ్ట్ అనే అమెరికన్ ఆ రోజు గాంధీ. తర్వాత కోరస్ అందుకుంది. అంతమంది అమెరికన్లు ఆ సంస్కృతాన్ని అక్షరం అక్షరం కంఠస్థం చేశారు. నాటకంలో సంభాషణలా సాగే మాటలు కావు, శ్లోకాలు, అవే మళ్లీ మళ్లీ తిరుగుతుంటాయి, ఎక్కడ ఎన్నోసారో లెక్క తప్పితే అంతా తప్పుతుంది.

చివర్లో ఒక పాట ఉంది. "బహూని మే వ్యతీతాని జన్మాని తవ చార్జున." నాకూ నీకూ ఎన్నో జన్మలు గడిచిపోయాయి అర్జునా అని. గాంధీ ఒక్కడే నిలబడి ఒకే వరసలో కింది షడ్జం నుంచి పై షడ్జం దాకా ఎక్కుతాడు. మళ్లీ కిందికి వచ్చి మళ్లీ ఎక్కుతాడు. ముప్ఫై సార్లకు అటూ ఇటూగా అదే ఆరోహణ. మూడోసారికి నా వేళ్లు ఒళ్లో కదలడం మొదలుపెట్టాయి. శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. అవి తోడి స్వరాలు. తోడి రాగం అని నేను అనను. గమకం లేదు, ఆ గాంధారం ఊగదు, నిటారుగా నిలబడుతుంది. పాశ్చాత్యులు దాన్ని ఫ్రిజియన్ అంటారు. కానీ స్వరస్థానాలు అవే. గీతలో మాటలు, తోడి మెట్లు. పక్కనున్న పాప కూడా నా వేళ్లు చూసి, నెమ్మదిగా తన తొడ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

బయటికి వచ్చాక అడిగింది. "ఆంటీ, అంతా బాగుంది, కానీ గాంధీగా ఇండియన్ ఎవరూ ఎందుకు లేరు? పాడేవాళ్లే లేరా?"

నేను అప్పుడు, "ఎవరు బాగా పాడితే వాళ్లు పాడాలమ్మా" అన్నాను. అది నిజమే, ఇప్పటికీ అదే అంటాను. క్రాఫ్ట్ గారు ఆ పాత్రకు పెట్టిన శ్రద్ధ ముందు నేను చేతులు జోడిస్తాను. కానీ ఆ జవాబు సగమేనని నాకు తర్వాత అర్థమైంది. ఎవరు బాగా పాడితే వాళ్లు అనే నియమం నిజంగా అందరికీ ఒకేలా ఉంటే, నెల్సెన్ గారికి అన్నిసార్లు సుజుకి పాత్రే ఎందుకొస్తుంది? గాంధీ పాత్ర ఎవరైనా పాడొచ్చు, ఆసియా అమ్మాయి మాత్రం ఆసియా పాత్రే పాడాలి అంటే అది ఒకవైపే తెరుచుకునే తలుపు.

2018లో లాస్ ఏంజెలెస్ ఒపేరాలో అదే ‘సత్యాగ్రహ’లో గాంధీగా షాన్ పణిక్కర్ పాడారు. పెన్సిల్వేనియాలో పుట్టినవాడు, తల్లిదండ్రులు శ్రీలంక నుంచి వచ్చినవాళ్లు. 2008లోనే మెట్‌లో పుచ్చీనీ ఒపేరాలో పాడాడు. గాంధీ పాడిన ఏడాదే ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ ఉత్సవంలో గ్రీకు దేవుడు డయొనైసస్‌గా కూడా పాడాడు. ఒక ఏడాదిలో గాంధీ, గ్రీకు దేవుడు, రెండూ ఒకే గొంతు. ఆ పాపకి ఈ వార్త పంపిస్తే, అప్పటికి కాలేజీలో చేరింది, ఒకే మాట జవాబు పెట్టింది, "చూశారా" అని.

ఇంకో మాట చెప్పి ‘సత్యాగ్రహ’ వదిలేస్తాను. 2011 డిసెంబర్ 1న, ఆఖరి ప్రదర్శన రోజు, ఒపేరా హాలు బయట, ధనవంతుల పెత్తనానికి వ్యతిరేకంగా లేచిన ఆక్యుపై ఉద్యమం వాళ్లు నిరసనకు చేరారు. ప్రదర్శన అయ్యాక ఫిలిప్ గ్లాస్ బయటికి వచ్చి వాళ్ల మధ్య నిలబడి ఆ ఒపేరా చివరి మాటలు ఇంగ్లీషులో చదివాడు. ధర్మం క్షీణించినప్పుడల్లా నేను వస్తాను అనే మాటలు, మన "యదా యదా హి ధర్మస్య". మైకు లేదు, ఆయన ఒక్కో ముక్క అంటుంటే చుట్టూ ఉన్నవాళ్లు గట్టిగా తిరిగి అన్నారు. నాకది సంత చెప్పడంలాగే అనిపించింది. గురువు అనడం, శిష్యులు అనడం.

2021 మార్చి మీకందరికీ గుర్తుంది. అట్లాంటాలో ఎనిమిది మందిని కాల్చి చంపారు, వాళ్లలో ఆరుగురు ఆసియా మూలాలున్న ఆడవాళ్లు. ఆ రోజుల్లో మన పెద్దవాళ్లు కూడా సాయంత్రం నడకకు వెళ్లడానికి భయపడ్డారు, ఇళ్లల్లో ఆ టెన్షన్ మనం చూశాం. అప్పుడే ఆ ఒపేరా గాయకులు కూడగట్టుకుని ఏషియన్ ఒపేరా అలయన్స్ అని పెట్టుకున్నారు. నెల్సెన్ గారు దాన్ని నిలబెట్టినవాళ్లలో ఒకరు. మాకు పాత్రలివ్వండి అని మాత్రమే వాళ్లు అడగలేదు. సంగీతం రాసేవాళ్లు, దర్శకత్వం చేసేవాళ్లు, ఈ ఏడు ఏ ఒపేరా వేయాలో నిర్ణయించే గదిలో కూర్చునేవాళ్లు, అక్కడ మేమెందుకు లేము అన్నారు. బోస్టన్ లిరిక్ ఒపేరా అయితే ‘మదామా బటర్‌ఫ్లై’ని వాయిదా వేసి, దాని మీద ఆసియా కళాకారులతో చాలా కాలం చర్చలు పెట్టింది. 2023లో ఫిల్ చాన్ దర్శకత్వంలో వేశారు. కథను శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లోకి, 1940ల్లోకి మార్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తన దేశంలోనే ఉన్న లక్షా ఇరవై వేల మంది జపాన్ మూలాల వాళ్లను శిబిరాల్లో నిర్బంధించింది కదా, ఆ చరిత్రను తెచ్చి ఈ పాటల కింద పెట్టారు. తమాకి గారు బటర్‌ఫ్లై పాడింది కూడా బోస్టన్‌లోనే, 108 ఏళ్ల ముందు.

కొంతమంది దీన్ని ఒప్పుకోరు. పుచ్చీనీ రాసింది రాసినట్టు వేయాలంటారు. నాకు ఆ అభ్యంతరం అర్థమవుతుంది. మన కీర్తనలో ఒక సంగతి మారిస్తే నేనూ ఊరుకోను. అయితే ఆ బోస్టన్ ప్రదర్శనలో సంగీతం మారలేదు. పాట చుట్టూ ఉన్న కథను, ఆ కథ ఎవరి గురించో ఆ మనుషులే చెప్పారు. దాన్ని నేను తప్పు పట్టలేను.

పాతవాటిని సరిదిద్దడంతో సరిపోదు, కొత్తవి కూడా పుట్టాలి. హ్వాంగ్ రువో అని చైనాలోని హైనాన్ దీవిలో పుట్టిన సంగీతకర్త, డేవిడ్ హెన్రీ హ్వాంగ్ రచన, ఇద్దరూ కలిసి ‘యాన్ అమెరికన్ సోల్జర్’ చేశారు. న్యూయార్క్ చైనాటౌన్‌లో పుట్టి పెరిగిన డానీ చెన్ అనే కుర్రాడి కథ. అమెరికా సైన్యంలో చేరాడు. తోటి సైనికులే జాతి పేరుతో హింసించారు. 2011 అక్టోబర్‌లో అఫ్ఘానిస్తాన్‌లో చనిపోయాడు, 19 ఏళ్లు. 2014లో వాషింగ్టన్‌లో గంట నిడివితో మొదలైంది, 2018లో సెయింట్ లూయిస్‌లో పూర్తి రూపం, 2024లో న్యూయార్క్‌లో, ఆ పిల్లవాడి సొంత ఊళ్లో వేశారు. అందులో తల్లి పాత్ర చివర్లో జోల పాడుతుంది. జోల పాటకు ఏ దేశం తల్లయితేనేం.

ఇక మన త్యాగరాజ స్వామి.

ఇంతసేపు వేరేవాళ్ల ముచ్చట చెప్పాను కదా. త్యెన్ గారు 2011లో మొదలుపెట్టిన పని, అంటే తన భాషను వేరేవాళ్ల గొంతులో పెట్టడం, మనకు ఎప్పుడో జరిగిపోయింది. తిరువయ్యారులో కూర్చుని, చుట్టూ తమిళం వినిపిస్తుండగా, ఆయన తెలుగులో రాశారు. తమిళులు, కన్నడిగులు, మలయాళీలు తరతరాలుగా ఆ తెలుగును నేర్చుకుని పాడుతున్నారు. 1966 అక్టోబర్‌లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితిలో పాడారు. ఆవిడ మాతృభాష తెలుగు కాదు. కానీ అన్నమయ్య కీర్తనలు ఆవిడ పాడితే ఒక్క ఒత్తు కూడా జారదు, ఎంత అడిగి తెలుసుకుని ఉంటారో ఆలోచించండి. ఇక్కడ కనెక్టికట్‌లో వెస్లియన్ యూనివర్సిటీలో చదువుకున్న జాన్ హిగిన్స్ అనే అమెరికన్, టి. విశ్వనాథన్ గారి దగ్గర నేర్చుకుని, మద్రాసు వెళ్లి, తిరువయ్యారు ఆరాధనలో పాడాడు. మనవాళ్లు ప్రేమగా హిగిన్స్ భాగవతార్ అని పిలుచుకున్నారు. 1984లో రోడ్డు ప్రమాదంలో పోయాడు, 45 ఏళ్లకే. ఆయన రికార్డింగులు విని చూడండి. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఉత్సవం జరుగుతోంది, మన పిల్లల్లో కొందరు అక్కడ పోటీల్లో పాడి వచ్చారు కూడా.

అందరూ మన మాటను ఇంత శ్రద్ధగా నేర్చుకుంటుంటే, మనింట్లో పిల్లలు దాన్ని ఎలా పాడుతున్నారు? 

తోడిలో ‘కద్దనువారికి’ తీసుకోండి. భగవంతుడు ఉన్నాడనేవాళ్లకి ఉన్నాడు అని పెద్దలు చెప్పిన మాట ఇవాళ అబద్ధమైపోతుందా స్వామీ అని అడుగుతున్నారాయన. పల్లవి చివర "నేడబద్ధమౌనో" అని ఉంటుంది. నేడు, అబద్ధమౌనో, రెండు మాటలు కలిశాయి. గత నెల క్లాసులో ఒక బాబు శ్రుతి పోకుండా, తాళం తప్పకుండా, సంగతులు ముత్యాల్లా పాడాడు. కానీ ఊపిరి తీసుకున్నది ఎక్కడ? "నేడ" అని ఆపి, గాలి పీల్చుకుని, "బద్ధమౌనో" అన్నాడు. అబద్ధం కాస్తా బద్ధం అయిపోయింది. ఆయన అడిగిన ప్రశ్నే మాయమైపోయింది. తప్పు ఆ బాబుది కాదు, నాది. నేను స్వరం చెప్పాను, మాట చెప్పలేదు. వాడి పుస్తకం తీసి చూస్తే పాటంతా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది, మాటలు ఎక్కడ విడిపోతాయో ఎక్కడా గీత లేదు. సియోల్ నుంచి వచ్చిన పిల్ల ఇటాలియన్ పాటకు పెట్టే గుర్తులు, తెలుగింటి పిల్లవాడు తెలుగు పాటకు పెట్టుకోలేదు.

అందుకని ఈ ఏడు నుంచి మా క్లాసులో పద్ధతి మార్చాను. కొత్త కీర్తన అంటే మొదటి వారం పాట ఉండదు. పిల్లలు సాహిత్యం తెలుగు లిపిలో సొంత చేత్తో రాయాలి. మాట మాటకీ అడ్డగీత పెట్టాలి. ప్రతి మాట కింద అర్థం రాయాలి. తర్వాత మామూలుగా మాట్లాడినట్టు చదవాలి. ఆ తర్వాతే శ్రుతి పెట్టె ఆన్ చేస్తాం. తల్లిదండ్రుల్లో కొందరు, పోటీలు దగ్గరపడుతున్నాయి టీచర్ గారూ, ఇలాగైతే ఏడాదికి ఆరు కీర్తనలు కూడా రావు అని బాధపడ్డారు. నాలుగే వస్తే నాలుగే రానివ్వండి. ఆ నాలుగూ పిల్లల సొంతం అవుతాయి. రేపు స్కూల్లో ఎవరైనా, మీ పాటలో ఏముంది అని అడిగితే, రాగం పేరు చెప్పి ఊరుకోకుండా, మా స్వామి దేవుణ్ని ఇలా నిలదీశాడు అని చెప్పగలగాలి. 

తల్లిదండ్రులకి నాదొక విన్నపం. స్కూళ్లలో, లైబ్రరీల్లో, ఊరి ఉత్సవాల్లో మనల్ని పిలుస్తున్నారు, మునుపటికన్నా ఎక్కువే పిలుస్తున్నారు. వెళ్దాం. పట్టుపరికిణీలు కట్టుకునే వెళ్దాం, అందులో తప్పేం లేదు, అవి మన బట్టలు. కాకపోతే ముందే అడగండి, పాడటానికి ఎన్ని నిమిషాలు ఇస్తారు అని. అర్థం ఒక కాగితం మీద ఇంగ్లీషులో వేసి పంచిపెడదాం, ఆ పని నేను చేస్తాను. మూడు నిమిషాలే అంటే మూడు నిమిషాల పాటే పాడదాం. పాట వద్దంటే మాత్రం మర్యాదగా చెప్పి వచ్చేద్దాం.

పోయినేడు ఒక పబ్లిక్ లైబ్రరీలో అలాగే చేశాం. పదిహేను మందే వచ్చారు. పాడటానికి ముందు ఒక పిల్ల పల్లవి అర్థం చెప్పింది. పాట అయ్యాక ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ, అమెరికన్, లేచి వచ్చి ఆ కాగితం మీద వేలు పెట్టి, ఈ మాట ఎలా పలకాలో ఇంకోసారి చెప్తావా అని ఆ పిల్లని అడిగారు. కద్దు అన్న మాట. ఆ పిల్ల చెప్పింది. ఆవిడ అన్నారు. రెండు ‘ద’లు పలకలేదు, ఒకటే పలికింది. ఆ పిల్ల, "కాదండీ, కొంచెం నొక్కాలి" అని మళ్లీ అనిపించింది. నేను పక్కనే నిలబడి చూస్తూ ఉండిపోయాను.

సరే, పిల్లలు సిద్ధంగా ఉన్నారు. ఇప్పుడు అదే కీర్తన పాడతారు. తంబూరా దగ్గర కూర్చున్న అమ్మాయి, కారులో నన్ను ఆ ప్రశ్న అడిగిన పాపే, ఇప్పుడు ఈ చిన్నవాళ్లకి పాఠాలు చెప్తోంది. పల్లవి అర్థం గత నెల ఊపిరి తీసుకున్న బాబే చెప్తాడు. రా నాన్నా, మైకు కొంచెం కిందికి దించండి, వాడికి అందదు.